కదిలిందని రాయవద్దు

కొత్తపాళెం, చిట్టమూరు మండలం
జనవరి 20

చిరంజీవి సుశీల్ కుమార్‌కు నీ పెదనాన్న సమాధానం అనే నేను రాసేది.

ముందుగా నా రాత చూసి ఏమీ అనుకోవద్దు. ఐదో తరగతితో ఆగిన చదువు. అక్షరాలు ఇసకలో పీతలు నడిచినట్టు ఉంటాయి. ఒత్తులూ దీర్ఘాలూ తప్పినచోట నువ్వే సరిచేసుకుని చదువుకో.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, నాకు ఫోన్‌లో మాట వినపడదు. మీ అక్క అబిగయీలు విని నాకు గట్టిగా చెప్పాలి. ఇది అబిగయీలు వినకూడని సంగతి. జవాబు కూడా ఇంటికి రాయవద్దు, పాస్టరు గారి గుడి అడ్రసుకు నా పేరున రాయి. గంట కొట్టేది నేనే కాబట్టి పోస్టుమాన్ నా చేతికే ఇస్తాడు.

మీ అక్క సంగతి నీకు తెలిసిందే. ఆ నరాల జబ్బుతో గూడూరులో కుట్టు షాపు మూసేసి రెండేళ్ళు అయింది. సూదిలో దారం ఎక్కించలేక మూసింది. మీ ఆస్పత్రిలో పరిశోధన అని పేరు రాసుకుని బిళ్ళలు ఇవ్వడం మొదలుపెట్టాక మనిషి మారింది. మొన్న నా చొక్కాకు గుండీ కుట్టింది. దారం తనే ఎక్కించింది. నేను చూడనట్టు నటించాను.

ఇప్పుడు ఫిబ్రవరిలో రెండో స్కాన్ అన్నారు. బిళ్ళ మొదలుపెట్టక ముందు తీసిన బొమ్మ, ఈ బొమ్మ పక్కపక్కన పెట్టి చూస్తారంట. మెదడు ఎక్కువ తగ్గి ఉంటే బిళ్ళ ఆపేస్తారంట. కదలకుండా పడుకోలేని మనుషులను పరిశోధనలో ఉంచుకోవడం కష్టమని కూడా డాక్టరమ్మ చెప్పింది. ఈ రెండో మాట దగ్గరే నాకు భయం.

దానికి ఆ స్కాన్ మిషన్ గొట్టం అంటే వణుకు. "శవపెట్టెలో పెట్టి పైన మేకులు కొడతా ఉన్నట్టుంటది నాయనా" అంటుంది. భయపడితే ఈ మధ్య తల కొంచెం ఊగుతోంది. లోపల ప్రార్థన చేసుకో, ధైర్యం వస్తుందని చెప్పాను.

నువ్వు ఆ మిషన్ దగ్గర ఉండే మనిషివి. నా తమ్ముడి బిడ్డవి. నిన్ను ఎన్నడూ ఏమీ అడగలేదు. అది కొంచెం కదిలినా, కదిలిందని రాయవద్దు.

పెదనాన్న
సమాధానం

చెన్నై
జనవరి 29

పెదనాన్నకు వందనాలు.

మీ ఉత్తరం మీ కోడలు రెజీనా చేతికి వచ్చింది. ఈ కాలంలో ఉత్తరం అంటే కోర్టు నోటీసే అనుకుని గుండె పట్టుకుంది. విప్పి చూసి, "మీ పెదనాన్న రాత మీ డాక్టర్ల రాత కన్నా ఎంతో నయం, ఇది అర్థమవుతోంది" అంది. కాబట్టి రాత గురించి దిగులు వద్దు.

అక్క విషయం. మా దగ్గర ఒక్కో స్కాన్‌లో బొమ్మను ఐదారు ముక్కలుగా తీస్తాం. ఏదైనా ముక్క తీసేటప్పుడు మనిషి కదిలితే అది మళ్ళీ తీస్తాం. కదిలారని రాయడం నా డ్యూటీ. ఒకసారి రాసినంత మాత్రాన ఎవరూ అక్కను పంపించేయరు. మళ్ళీ మళ్ళీ కదిలితే మాత్రం ఈమెను ఉంచాలా వద్దా అని పైవాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటారు. దాచి ఏం లాభం, అదీ నిజమే.

అంతదూరం రానివ్వను. తలకు రెండు పక్కలా స్పాంజి ముక్కలు బిగించి పెడతాను. ఆ రోజు డ్యూటీ కూడా నాకే వేయించుకుంటాను. మీరు ఇంట్లో ఒక పని చేయండి. అక్కను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి నుదుటి మీద నిమ్మకాయ పెట్టండి. అది దొర్లకుండా ఉండేటట్టు రోజూ కాసేపు అలవాటు చేయండి. మా సీనియర్ ఒకాయన పిల్లలకు ఇలాగే గోళీ పెట్టి నేర్పేవాడు. గూడూరు నిమ్మకాయలు మీకు కొదవా?

ప్రార్థన మంచిదే. కానీ మనసులో చేసుకోమనండి.

ఇక మీరు అడిగింది. చూస్తాను పెదనాన్నా. అంతకన్నా ఉత్తరంలో రాయలేను.

సుశీల్

కొత్తపాళెం
ఏప్రిల్ 3

సుశీల్‌కు,

స్కాన్ రోజు నువ్వు తలుపు తీసుకుని బయటకు వచ్చి, "బాగా వచ్చింది పెదనాన్నా" అన్నావు. నాకు ఆ సమయంలో మాట రాదని నీకు తెలుసు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. నీ మేలు మరిచిపోను.

నిమ్మకాయ సంగతి చెబుతాను, నవ్వుకో. మొదటి రోజు పెట్టగానే మీ అక్క, "ఏంది నాయనా, దిష్టి తీస్తండావా? పాస్టరు గారు చూస్తే ఇంక గుడి గంట నీ చేతికియ్యడు, చూసుకో" అంది. ఇద్దరం నవ్వేసరికి కాయ దొర్లి మంచం కిందకు పోయింది. తరవాత తరవాత నిలిచింది. చాలాసార్లు నిలిచింది.

ఈస్టరు నాడు కర్ర లేకుండా గుడికి నడిచింది. మా ఎదురింటి ఆదిశేషమ్మ పంపు దగ్గర బిందె పెట్టుకుని చూస్తూ ఉంది.

"ఏమ్మే, కర్ర యాడ పారేసినావు?"

"నీకే దాచిపెట్టినా అత్తా. రేపో మాపో కావాల గదా."

"నోరు మాత్రం ఏ జబ్బూ తినలేదు నీకు."

"దాన్ని చూసే జబ్బు భయపడింది."

గుడిలో నేను గంట తాడు పట్టుకుని నిలబడి, అది గడప దాటేదాకా కొట్టడం మరిచిపోయాను. పాస్టరు గారు లోపల నుంచి తొంగి చూశారు.

షాపు మళ్ళీ తీస్తానంటోంది. కుట్టు మిషన్‌కు నూనె వేయించాను. రెజీనాకు, పాపకు నా ఆశీస్సులు. పాపకు గౌను కుడుతుందంట, కొలతలు పంపు.

పెదనాన్న

చెన్నై
ఏప్రిల్ 26

పెదనాన్నకు,

అక్క స్కాన్ కొలతలు వచ్చాయి. మొదటి స్కాన్‌తో పోలిస్తే మెదడు పై పొర మందం వాళ్ళు పెట్టుకున్న హద్దు కన్నా ఎక్కువ తగ్గినట్టు కంప్యూటర్ చూపించింది. అంటే ఆ బిళ్ళ అక్కకు పనిచేయడం లేదని లెక్క. ఆపేసి వేరే మందుకు మారుస్తారు. వచ్చే నెల మొదటి వారంలో రమ్మని ఫోన్ వస్తుంది. మిగిలిన బిళ్ళలు తెచ్చి ఇచ్చేయాలి.

డాక్టరమ్మ మంచి మనిషి. ఆమె చెప్పినట్టు వినండి.

గౌను ఇప్పుడు వద్దని చెప్పండి. అక్కను శ్రమపెట్టవద్దు.

సుశీల్

కొత్తపాళెం
మే 14

సుశీల్‌కు,

ఆస్పత్రికి పోయి వచ్చాం. నువ్వు కనపడలేదు. డ్యూటీలో లేవన్నారు.

డాక్టరమ్మ రెండు బొమ్మలు గోడ మీద పెట్టి చూపించింది. నాకు రెండూ ఒకటే మాదిరి ఉన్నాయి. మీ అక్క అడిగింది.

"నేను నడిచే వచ్చినాను గదమ్మా మీ రూముకి. దారం ఎక్కిస్తండా. మందు పనిచెయ్యలేదని ఎట్టా అంటారు?"

"నడక ఒక్కటే చూస్తే చాలదు అబిగయీలూ. లోపల కరిగేది ముందు స్కాన్‌లో తెలుస్తుంది. నడకలో తెలిసేసరికి ఆలస్యం అయిపోతుంది. నీ మంచికే మారుస్తున్నాం."

"బొమ్మ తప్పు గావచ్చు గదా?"

"కదలిక లేదు, బొమ్మ శుభ్రంగా ఉంది అని రాసి ఉందమ్మా. చూడు."

ఆమె కోపంగా చెప్పలేదు. బుజ్జగించినట్టే చెప్పింది. నేను తువ్వాలు చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాను. అప్పుడు నోరు తెరవాల్సింది. తెరవలేదు. అబిగయీలు సంచిలో నుంచి బిళ్ళల డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. పెట్టాక కూడా కాసేపు దాని మీద చెయ్యి తీయలేదు.

మనిషి బాగుపడుతుంటే మెదడు ఎట్లా తగ్గుతుంది? రోజూ ఇదే ఆలోచిస్తున్నాను. నీకు ఒక సంగతి చెప్పలేదు. నిమ్మకాయ ఊరికే పడుకున్నప్పుడు నిలిచేది. ప్రార్థన మొదలుపెడితే దొర్లిపోయేది. పెదవులు కదులుతాయి, మాట మాటకూ తల ఊగుతుంది. మన గుడిలో అందరం అట్లే గదా చేసేది. మనసులో చేసుకోమని నువ్వు రాశావు. ఆ మాట దానికి చెప్పలేదు. ప్రార్థన కూడా లేకపోతే ఆ గొట్టంలో భయంతో ఇంకా ఊగుతుందని అనుకున్నాను.

నువ్వు నాకు ఒక్కటే చెప్పు. ఆ రోజు అది కదిలిందా, లేదా?

పెదనాన్న

కొత్తపాళెం
జూలై 19

సుశీల్‌కు,

జవాబు లేదు. రెండు నెలలు దాటింది.

బిళ్ళ మానేసిన తరవాత మీ అక్క నెల రోజులు బాగానే ఉంది. కొత్త మందుకు టెస్టులు కావాలి, ఆగమన్నారు. ఆగాం. పోయిన నెల ఒకనాడు పొద్దున పళ్ళెంలో ఇడ్లీ పెట్టుకుని తినకుండా చూస్తూ ఉంది. ఏమ్మా అన్నాను. "చెయ్యి రాలేదు నాయనా" అంది. సాయంత్రానికి రెండు కాళ్ళూ రాలేదు. మన ఊరి క్రీస్తుదాసు ఆటోలో నెల్లూరుకు తీసుకుపోయాం. సూదులు ఎక్కించారు. బిళ్ళ ఆపినందుకు జబ్బు అంతకు ముందు కన్నా గట్టిగా తిరగబడింది అన్నాడు అక్కడి డాక్టరు. మీ ఆస్పత్రి వాళ్ళకు ఫోన్‌లో చెప్పాడు. మళ్ళీ అదే బిళ్ళ ఇవ్వవచ్చు గదా అని అడిగాడంట. పరిశోధన లెక్కలో అది ఆమెకు పనిచేయని మందు, ఇవ్వడానికి రూలు లేదన్నారంట.

జబ్బు కళ్ళకు కూడా పాకింది. ఇప్పుడు కుడి కన్ను పూర్తిగా పోయింది. ఎడమ కన్ను ఉంది. చేతులు కొంచెం వచ్చాయి. కాళ్ళు రాలేదు. దాన్ని ఎత్తి కూర్చోబెట్టడానికి ఆదిశేషమ్మ వస్తోంది. పోయినసారి ఏడ్చుకుంటూ ఎత్తింది. మీ అక్క దానితో, "ఏడవబాక అత్తా, జారిపోతా" అంది.

నువ్వు తప్పు చేశావని నేను అనడం లేదు. తప్పు అడిగింది నేను. అయినా తెలియాలి. రాయి.

పెదనాన్న

చెన్నై
ఆగస్టు 2

పెదనాన్నా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించేశాను.

అక్క కదిలింది.

లోపల కెమెరా ఉంటుంది. అక్క పెదవులు కదలడం నాకు కనిపించింది. తల ఊగడం చాలా చిన్నగా ఉంది, చూసేవాళ్ళు ఎవరూ కదిలిందని అనరు. అయినా మెదడు మందం కొలిచే ముక్కలో పలచగా అలల మాదిరి గీతలు వచ్చాయి. అది మళ్ళీ తీశాను. మళ్ళీ వచ్చాయి, కొంచెం తక్కువగా. మూడోసారి తీయాలంటే కారణం రాయాలి. రాస్తే పైకి పోతుంది. మైకు ఆన్ చేసి, "అక్కా, ప్రార్థన ఆపు, ఐదు నిమిషాలు ఊరికే పడుకో" అని చెప్పాల్సింది. పక్క గదిలో డాక్టరు ఉన్నారు, వింటారని చెప్పలేదు. బొమ్మ చూడటానికి బాగానే ఉంది. కదలిక లేదు అని రాశాను.

నేను అనుకున్నది ఏమిటంటే, ఇంత చిన్న కదలికకు బొమ్మ కొంచెం మసకబారుతుంది, అంతే గదా అని. అక్కడే పొరపాటు పడ్డాను. మీ గుడి వందేళ్ళ పండుగకు తీసిన గ్రూపు ఫోటో గుర్తుందా? ముందు వరసలో మా చెల్లెలు తల తిప్పింది. ముఖం పొగ మాదిరి వచ్చింది. ఆ ఫోటో మీద స్కేలు పెట్టి దాని బుగ్గ కొలవమంటే, ఎక్కడ దాకా బుగ్గో ఎక్కడ నుంచి పొగో తెలియదు. గట్టిగా కనిపించినంత వరకే కొలుస్తాం. బుగ్గ చిన్నదని తేలుతుంది. కంప్యూటర్ కూడా మెదడు అంచు దగ్గర అదే చేస్తుంది. మసక ఉన్నచోట మెదడు లేదనుకుంటుంది. మనిషి కదిలితే మెదడు తగ్గినట్టు వస్తుంది. పెరిగినట్టు రాదు.

ఇది నాకు ట్రైనింగ్‌లో చెప్పారు. కొలత వచ్చిన రోజు అర్థమైంది. ఆ రోజే పోయి చెప్పి ఉంటే బిళ్ళ ఆగేది కాదు. చెప్పలేదు. మీకు కూడా మందు పనిచేయలేదంట అని పరాయివాడిలా రాశాను. మే నెలలో మీరు వచ్చినప్పుడు డ్యూటీలోనే ఉన్నాను. లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను.

ఇప్పుడు పోయి చెబితే ఉద్యోగం పోతుంది. వేరేచోట కూడా రాదేమో. రెజీనాకు ఇంకా తెలియదు. చెప్పినా అక్కకు ఆ బిళ్ళ మళ్ళీ ఇస్తారో లేదో నేను మాట ఇవ్వలేను.

మీరు చెప్పమంటే చెబుతాను పెదనాన్నా. వద్దంటే ఊరుకుంటాను.

సుశీల్

కొత్తపాళెం
ఆగస్టు 9

సుశీల్‌కు,

చెప్పు.

ఇంతటితో ఆపేద్దామనుకున్నాను. కానీ నా ఒక్కడి మాట మీద నువ్వు పోతున్నావని అనుకోకూడదు గదా. అందుకే మిగతాది రాస్తున్నాను.

నీ ఉత్తరం అబిగయీలుకు చదివి వినిపించాను. నావి కూడా, నాకు గుర్తున్నంత వరకు, ఏమేం రాశానో చెప్పాను. అది ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అయితే నా తలకాయ గురించి మీ ఇద్దురూ ఉత్తరాలు రాసుకుంటా ఉండారు. నేను మాత్రం నిమ్మకాయ పెట్టుకుని పడుకోవాల."

నేను నీ ఉత్తరం మడతపెట్టాను.

"ప్రార్థన ఆపమని ఒక్క మాట చెప్పకపోతివి. ఆపేదాన్ని గదా నాయనా. అయిదు నిమిషాలు ఆపితే దేవుడేమన్నా అలిగి పోతాడా?"

"నువ్వు భయపడతావని..."

"భయపడితే భయపడతా! చచ్చిపోతానా? ఇప్పుడు చూడు."

దుప్పటి కింద దాని కాళ్ళు అది చూడలేదు, నేను చూశాను.

కాసేపటికి నీ గురించి అడిగింది. చెబితే వాడి ఉద్యోగం పోతుందా అని. పోతుందని రాశాడు అన్నాను. "వాడి బిడ్డకి ఏమన్నా అయితే వాడు ఊరుకుంటాడా? చెప్పమను" అంది. అట్లా అని గోడ వైపు తిరిగింది. దానంతట అది తిరగలేదు, తిప్పమంటే నేను తిప్పాను.

పెదనాన్న

చెన్నై
అక్టోబరు 11

పెదనాన్నకు,

చెప్పాను. ఆగస్టు చివరిలోనే చెప్పాను. తరవాత జరిగిన వాటితో రాయడానికి తీరలేదు.

డాక్టరమ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. అక్క బొమ్మ కంప్యూటర్‌లో తెరిచి, గీతలు కనిపించేదాకా పెద్దది చేసుకుంటూ పోయింది. తరవాత ఒక్కటే అడిగింది. "ఇంకెవరికి ఇలా రాశారు సుశీల్?"

మీకు ఇది రాయలేదు. అక్క ఒక్కతే కాదు. ఇంకా కొందరికి రాశాను. వాళ్ళు ఎవరూ నన్ను అడగలేదు. తడ నుంచి ఒకాయన వచ్చేవాడు, చేతులు వణికేవి, భార్య మోసుకొచ్చినట్టు తీసుకొచ్చేది. మళ్ళీ రమ్మంటే ఎలా వస్తారని జాలిపడి శుభ్రంగా ఉంది అని రాసేశాను. జాలి అనుకున్నాను. జబ్బు ముదిరినవాళ్ళే ఎక్కువ కదులుతారు. వాళ్ళ బొమ్మల్లోనే మెదడు లేనిపోని తగ్గుదల చూపించింది. ఆ బిళ్ళ ముదిరినవాళ్ళకు పనికిరాదని రాయడానికి పరిశోధన వాళ్ళు సిద్ధంగా ఉన్నారంట. నేను చెప్పకపోయి ఉంటే ఈ సంవత్సరం చివరికి అచ్చులోకి పోయేది. ఒక్క అక్క మెదడు కాదు పెదనాన్నా, ముందు ముందు రాబోయే వాళ్ళది కూడా నా చేత్తో తగ్గించాను.

నన్ను తీసేశారు. తీసేయాల్సిందే. ఇప్పుడు నాయుడుపేటలో ఒక ఎక్స్‌రే సెంటర్‌లో కుదిరాను. వారానికోసారి ఇక్కడికి ఇంటికి వస్తాను. రెజీనా మాట్లాడుతోంది, తక్కువగా.

అక్కకు మళ్ళీ స్కాన్ తీస్తారు, వచ్చే నెలలో. అంబులెన్స్ ఆస్పత్రివాళ్ళే పంపిస్తారు. ఈసారి మిషన్ దగ్గర వేరే అమ్మాయి ఉంటుంది. కదిలితే కదిలిందనే రాయమని చెప్పండి. అక్కకు కూడా చెప్పండి, కదిలినా ఫరవాలేదు, ఎన్నిసార్లయినా తీస్తారని.

నాయుడుపేట నుంచి మీ ఊరు దగ్గరే. కానీ రావడానికి ముఖం లేదు.

సుశీల్

కొత్తపాళెం
డిసెంబరు 8

సుశీల్‌కు,

స్కాన్ అయింది. ఫలితం చెప్పడానికి మళ్ళీ పిలిచారు. పోయి వచ్చాం.

ఆ అమ్మాయి ప్రతి ముక్కకూ ముందు మైకులో చెప్పిందంట. ఇప్పుడు ఐదు నిమిషాలు, ఇప్పుడు మూడు నిమిషాలు, ఇప్పుడు దగ్గుకోవచ్చు అని. ఒక ముక్క రెండుసార్లు తీసింది. కదిలిందని రాసుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. లోపల భయం వేయలేదా అని అడిగాను. "వేసింది. భయపడతానే పడుకున్నా" అంది మీ అక్క.

డాక్టరమ్మ కుర్చీలో నుంచి లేచి వచ్చి, చక్రాల కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పింది. కొత్త బొమ్మలో మెదడు మొదటి బొమ్మకు దగ్గరగానే ఉందంట. కాళ్ళు పడిపోయినప్పుడు కొంత చెడింది, అయినా ఫిబ్రవరిలో చూపించినంత తక్కువ లేదంట. ఇంత జబ్బు చేశాక మెదడు మళ్ళీ పెరగదు. కాబట్టి ఫిబ్రవరిలో అది తగ్గనే లేదు. బిళ్ళ పనిచేస్తూ ఉండింది.

నాకు ముందే తెలుసు అనిపించింది. మళ్ళీ తెలియనట్టు కూడా అనిపించింది.

బిళ్ళ మళ్ళీ ఇస్తారా అని ఈసారి నేనే అడిగాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. పాత బొమ్మలన్నీ మళ్ళీ చూసేదాకా పరిశోధన ఆపారంట. అది అయ్యాక ఇస్తామని చెప్పలేమంది, ఇవ్వబోమనీ చెప్పలేమంది. ఇచ్చినా చచ్చిన నరం లేవదు, మిగిలింది నిలబడవచ్చు, అంతే అని చెప్పింది. అబిగయీలు మెదలకుండా విని, "నిజం చెప్పినందుకు మంచిదమ్మా" అంది. నా వైపు చూడలేదు.

ఎడమ కన్ను కూడా మసకబారుతోంది. కాగితం ముఖానికి ఆనించుకుంటే చదవగలుగుతోంది. ఇంకెన్నాళ్ళో చెప్పలేమన్నారు. నవంబరు నుంచి వేరే మందు ఇస్తున్నారు. దాని మీద ఆశ ఉందా లేదా అని నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

ఆదిశేషమ్మ పొద్దున వచ్చి తల దువ్వుతుంది. ఇద్దరూ ఇప్పటికీ తిట్టుకుంటారు. "నా కర్ర నాకియ్యవే, దాచిపెట్టినా అంటివి గదా" అని ఆదిశేషమ్మ అంటే, "ఇయ్యను పో, దాంతో నిన్ను కొట్టాల" అంటుంది మీ అక్క. తరవాత ఆదిశేషమ్మ మళ్ళీ మొదటి నుంచి దువ్వుతుంది.

ఇక అసలు సంగతి. అబిగయీలుకు నీ నుంచి ఒక సంగతి తెలియాలి. ఆ తప్పు బొమ్మను వాళ్ళు ఏం చేశారు? తీసి పారేశారా, పక్కన సరైనది పెట్టారా? అబిగయీలుకు ఆ బిళ్ళ పనిచేసింది అని వాళ్ళ లెక్కలో ఎక్కిందా? ఆ తడ ఆయన సంగతి, మిగతావాళ్ళ సంగతి కూడా. నువ్వు అక్కడ లేవని చెప్పాను. "వాడికి అక్కడ తెలిసినోళ్ళు ఉండరా? తల దించుకుని పోయి అడగమను. నేను గొట్టంలో పడుకున్నా గదా, వాడు ఆ గడప తొక్కలేడా?" అంది.

జవాబు వస్తే చదివి చెబుతానన్నాను. వద్దంది.

"నువ్వు నాకు పనికొచ్చేది చదివి, పనికిరానిది మింగేస్తావు నాయనా. నేనే చదువుకుంటా."

నేను మింగనని చెప్పలేకపోయాను. చెబితే నమ్ముతుందా?

కాబట్టి ఈ ఉత్తరానికి జవాబు నాకు రాయవద్దు. దాని పేరున రాయి. మంచిదైనా చెడ్డదైనా ఉన్నది ఉన్నట్టు రాయి. నల్ల సిరా మందంగా పెట్టి, ఒక్కో అక్షరం బొటనవేలంత రాయి. ఎన్ని కాగితాలైనా ఫరవాలేదు.

దానికి కన్ను ఉండగానే అందాలి. త్వరగా రాయి నాయనా.

పెదనాన్న
సమాధానం